గాలి తగిలే చోటు

ఇండోనేషియాలోని జెపారాలో ఒక కుర్చీని చూపించి ఎవరు చేశారని అడిగితే, చెక్కినవాడి పేరు చెబుతారు. పువ్వులూ తీగలూ చెక్కినవాడికి పేరుంటుంది, కొన్నవాడికి బిల్లుంటుంది. ఆ కుర్చీని చెయ్యి జారిపోయేంత నున్నగా రుద్దిన ఆడవాళ్ల సంగతి ఎవరూ అడగరు. వాళ్లూ చెప్పుకోరు. చెప్పుకోవాలంటే ముందు కాస్త ఊపిరాడాలి గదా.

వార్తిని అలా రుద్దేవాళ్లలో పెద్దది. యజమాని పాక్ కసన్ గోదాము వెనక రేకుల షెడ్డులో చాప మీద కూర్చుని మహాగని చెక్కను ఉప్పుకాగితంతో రుద్దడం ఆమె పని. ముందు గరుకు కాగితం, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. కాగితం సన్నబడే కొద్దీ లేచే పొడి కూడా సన్నబడుతుంది. చివరికి కంటికి ఆనకుండా నేరుగా ఛాతీలోకి దిగుతుంది. యజమాని మాస్కులు ఇవ్వకపోలేదు. అవి బయట స్కూటర్ల హ్యాండిళ్లకు వేలాడుతుంటాయి. మాస్కు కట్టుకుంటే కబుర్లు సాగవు. కబుర్లు లేకుండా ఆ పని చెయ్యడం కన్నా దగ్గుతూ చెయ్యడమే నయమని షెడ్డు మొత్తం ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆ షెడ్డులో వస్తువులకు సొంతదారులుండరు. టీ గ్లాసు ఒకటే, అందరి నోళ్లూ తిరిగొస్తుంది. తలనొప్పి బామ్ ఒకరి జేబులో పుట్టి ఇంకొకరి జేబులో అయిపోతుంది. జలుబు చేస్తే ముక్కులో పెట్టుకుని పీల్చే మెంథాల్ పుల్ల ఈ ముక్కులోంచి ఆ ముక్కులోకి పోతూనే ఉంటుంది, తుడిచేవాళ్లు కూడా లేరు. అడిగినదాన్ని లేదనడం అక్కడ బూతు మాట కన్నా తప్పు. పిసినారి అని ఒకసారి పేరుపడితే చచ్చాక కూడా వదలదు. వార్తినికి ఆ పేరు ఎన్నడూ రాలేదు. అందరూ ఆమెను బూదె అని, అంటే పెద్దమ్మా అని పిలిచేది వయసు చూసి మాత్రమే కాదు.

అన్నీ పంచుకునే ఆ ఆడవాళ్లు ఒక్కటి మాత్రం దాచుకునేవాళ్లు, ఆయాసాన్ని. ఎన్ని కుర్చీలు రుద్దితే అంత కూలి. పెద్ద బల్లలు గట్టి ఊపిరి ఉన్నవాళ్లకే పోతాయి. పిల్లికూతల మనిషని పేరొస్తే స్టూళ్లు, ఫొటో ఫ్రేములు మిగులుతాయి. అందుకని ఎవరికి ఛాతీ పట్టేసినా "పొడి గొంతులో పడింది" అనేవాళ్లు. పదేళ్లుగా పొడి గొంతులోనే పడుతోంది.

వార్తిని సంగతి బయటపడ్డది పనిలో కాదు, ఒక పెళ్లింట్లో. పక్కింటివాళ్ల పెళ్లికి వీధి ఆడవాళ్లంతా పోయి వంట సాయం చేస్తుంటే, మిరపకాయలు వేగిన పొగకు ఆమె ఊపిరి ఆగినంత పనై పొయ్యి పక్కనే కూలబడింది. మోటారుసైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ ఉబ్బసం అన్నారు. ఆ సమయానికే ఏదో విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాజెక్టు ఒకటి రోగుల కోసం వెతుక్కుంటోంది. వార్తిని దొరికింది.

నర్సు ఇస్తి ఆమెకు పొద్దునా సాయంత్రం పీల్చే మందుతో పాటు, ఆయాసం వచ్చినప్పుడు వాడమని నీలం రంగు ఇన్‌హేలర్ ఇచ్చి, దాని నెత్తిన చిన్న టోపీలాంటి పరికరం బిగించింది. మందు పీల్చిన ప్రతిసారీ ఆ టోపీ లెక్క కట్టి ఫోనుకు చెబుతుంది, ఫోను ఆరోగ్య కేంద్రానికి చెబుతుంది. బాగుంటే తెరమీద ఆకుపచ్చ, బాగోకపోతే ఎరుపు. వార్తినికి చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి ఇస్తి ఫోనులో గొంతు పెట్టింది. పొద్దునా సాయంత్రం ఒక ఆడమనిషి బు, అంటే అమ్మగారూ అని, ఎంతో మర్యాదగా పలకరించేది. "నమస్కారం బు వార్తిని. రాత్రి నిద్ర పట్టిందా?"

ఇలాంటి వాటి గురించి ప్రాజెక్టులవాళ్లు ప్రాణదాతలన్నట్టు రాసుకుంటారు. వార్తినికి నచ్చిన కారణం వేరు. భర్త సామాన్ల లారీ తోలుతూ నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు, వచ్చి నిద్రపోతాడు. ఆమెకు నిద్ర పట్టిందా అని ఎవరైనా అడిగి చాలా ఏళ్లయింది.

"ఏం బూదె, జేబులో కొత్త మొగుణ్ని పెట్టుకు తిరుగుతున్నావా?" అంది రుమియా, మొదటిసారి ఆ గొంతు షెడ్డులో వినపడ్డప్పుడు. నోరున్న మనిషి, షెడ్డుకు రేడియో అవసరం లేకుండా చేసింది.

"మొగుడైతే ఇంత మర్యాదగా అడుగుతాడా? ఆడగొంతే."

"మరింకేం, సవతి."

నవ్వి నవ్వి సార్మికి దగ్గు తెర వచ్చింది. సార్మి ముప్పై ఎనిమిదేళ్ల బక్కపలచటి మనిషి. షెడ్డులో అందరికన్నా వేగంగా రుద్దేది ఆమే, అందరికన్నా ఎక్కువగా "గొంతులో పొడి పడేదీ" ఆమెకే. దగ్గి దగ్గి చెయ్యి చాచింది.

"అది ఒకసారి ఇటివ్వు బూదె."

"ఇది ముక్కులో పెట్టుకునేది కాదే. నోట్లో పెట్టుకుని పీల్చాలి."

"ఎందులోంచి పోతే ఏం, పోయేది లోపలికేగా."

ఇచ్చింది. ఇవ్వకపోవడం ఆమెకు చేతకాదు. సార్మి పీల్చింది, కాసేపటికి ముఖం తేటపడింది. పక్కనున్న మనిషి చూసింది. మర్నాడు ఆ మనిషి గొంతులోనూ పొడి పడింది. వారం తిరిగేసరికి నీలం గొట్టం టీ గ్లాసులాగే చాపల మీద చేతులు మారుతూ తిరిగింది. ఎవరూ జబ్బు పేరు ఎత్తలేదు. "బూదె గాలి" అన్నారు దాన్ని. "ఒక గుక్క బూదె గాలి కొట్టి ఆ బల్ల పట్టు" అనుకునేవాళ్లు. వార్తినికి లోపల ఎంతో గర్వం. తన జేబులోంచి పదిమంది ఊపిరి పీల్చుకుంటున్నారు మరి.

టోపీకి మనుషులు తెలియరు, గుక్కలే తెలుసు. అది అన్నింటినీ వార్తిని ఖాతాలో వేసింది. తెర పసుపై, ఎరుపైంది. ఒక సాయంత్రం ఇస్తి స్కూటర్ వేసుకుని వార్తిని ఇంటికే వచ్చింది.

"బు, నిజంగా మీరే ఇన్నిసార్లు పీల్చారా? ఇంత పీలిస్తే గుండె దడ పుట్టాలే."

"పుడుతోంది సుస్తెర్" అంది వార్తిని, నర్సమ్మను అందరూ పిలిచే మాటతో. దడ నిజమే. అబద్ధం చెప్పేటప్పుడు పుట్టిన దడ.

"పని ఎక్కువగా ఉందా?"

"హాలండ్ ఆర్డరు. బల్లల మీద బల్లలు."

నిజం చెబితే షెడ్డు మొత్తం పిల్లికూతల మనుషులని తేలుతుంది. ఈ ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో చెప్పిన మాట సాయంత్రానికి టీ కొట్టుకు చేరుతుంది, రాత్రికి యజమాని ఇంటికి చేరుతుంది. వార్తిని ఎవరి పేరూ చెప్పలేదు. అంతవరకు ఆమె తప్పు పెద్దదేం కాదు. ఇస్తి రోజూ వాడే రెండో మందు మోతాదు పెంచి, వెళ్లబోతూ అంది, "ఇది ఇలాగే ఉంటే డాక్టరుగారు మీ యజమానితో మాట్లాడతారు బు, రుద్దే పని మాన్పించమని. మీ మంచికే."

మీ మంచికే అన్న మాట విన్నాక కూలివాళ్లకు నిద్ర పట్టదు. మర్నాటి పొద్దున ఆ గొంతు నిద్ర గురించి అడిగినప్పుడు వార్తిని మొదటిసారి ఫోను నోరు నొక్కేసింది.

పంచడం ఆపాలి. ఎలా ఆపాలో తెలియలేదు. "డాక్టరు వద్దన్నారు" అనొచ్చు. "నా పని పోతుంది" అనొచ్చు. ఇవి మనం ఇక్కడ కూర్చుని అనుకునే మాటలు. ఆ చాప మీద కూర్చుని, చాచిన చేతిని చూస్తూ అవి నోటికి రావు. వార్తిని నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"అయిపోయిందే."

"అయ్యో" అంది సార్మి. చెయ్యి వెనక్కి తీసుకుంది. "మళ్లీ ఎప్పుడిస్తారు?"

"తెలీదు. వచ్చే నెలేమో."

గొట్టం జేబులోనే ఉంది. ఆ రోజునుంచి వార్తినికి ఛాతీ పట్టేస్తే లేచి మరుగుదొడ్డికి పోయేది. తలుపు గడియపెట్టి, నీళ్ల తొట్టి మీద కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున పీల్చుకునేది. గొట్టం చేసే బుస్సుమన్న చప్పుడు ఎంత పెద్దదో ఆమెకు అప్పుడే తెలిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మనుషులు మంచివాళ్లు, అదే చిక్కు. మందు లేకుండా బూదె ఎలా బతుకుతోందని షెడ్డు బెంగపెట్టుకుంది. అల్లం కషాయం పట్టుకొచ్చారు. ఆమె ముందున్న బల్ల కాళ్లు తామే రుద్దేశారు. "మాటిమాటికీ దొడ్డికి పోతోంది, కడుపు కూడా చెడినట్టుంది" అని రుమియా జామాకులు తెచ్చింది. చివరికి సార్మి తన చాప ఎత్తింది.

షెడ్డులో ఎవరి చోటు వారిది. అన్నింట్లోకీ మంచిది గుమ్మం పక్క చోటు. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి తిరిగి, ఆ గుమ్మం దగ్గర పొడి నిలవదు. ఆ చోటు సార్మిది. గుమ్మం పక్కన కూర్చునే మనిషి చనిపోయినప్పుడు, రుమియాతో వారంపాటు మాటలు మానేసి మరీ సంపాదించుకుంది.

"నువ్వు ఇక్కడ కూర్చో బూదె" అంది.

"నీకెక్కడే?"

"నాకు వయసుంది. మూల కూర్చున్నా ఒకటే."

వార్తిని కాదనాలి. జేబులో బరువు తొడకు తగులుతూనే ఉంది. కాదంటే ఎందుకో చెప్పాలి. ఆమె వెళ్లి గుమ్మం పక్కన కూర్చుంది. గాలి నిజంగానే బాగా వచ్చింది. అది ఆమెకు హాయిగా ఉంది కూడా. తర్వాత ఎన్ని రోజులు తలచుకున్నా ఆమెను ముల్లులా గుచ్చింది ఆ హాయే.

ఫోను ఆకుపచ్చకు తిరిగింది. ఇస్తి చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మలు పంపింది.

ఒక సాయంత్రం హాలండ్ ఆర్డరులో ఆఖరి భోజనం బల్ల పనిలో ఉన్నారు. సన్న కాగితం పని. సార్మి మూలన గోడకానుకుని రుద్దుతోంది. ముందు మాటలు తగ్గాయి. తర్వాత చెయ్యి ఆగింది. రుమియా చెబుతున్న కబురుకు అందరూ నవ్వుతుంటే సార్మి నవ్వలేదని ఎవరో చూశారు. భుజాలు పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. నోరు తెరిచి ఉంది. పిల్లికూత గోదాము దాకా వినపడేంత పెద్దది.

"వీపు రుద్దండే."

"నీళ్లు. వేణ్ణీళ్లు తెండి."

"మెంథాల్ పుల్ల ఎవరి దగ్గరుంది?"

ముక్కులో పుల్ల పెట్టారు. దాన్ని పీల్చడానికి కూడా ఆమె దగ్గర గాలి లేదు. రుమియా వార్తిని వైపు తిరిగింది. "బూదె, ఆ గొట్టం అడుగున ఏమన్నా మిగిలిందేమో చూడు. ఖాళీదైనా సరే."

"లేదే" అంది వార్తిని.

ఎందుకందో ఆమెకే తెలియదు. యజమాని గుర్తొచ్చి కాదు, పని గుర్తొచ్చి కాదు. ఇన్నాళ్లూ ఉందని తెలిసిపోతుందని, అంతే. చెయ్యి జేబులోనే ఉంది, వేళ్లు గొట్టాన్ని పట్టుకునే ఉన్నాయి. ఎదురుగా మనిషి పెదాలు నీలంగా మారుతున్నాయి. వార్తిని మనసు మాత్రం లేచి మరుగుదొడ్డికి వెళ్లొచ్చి, "ఇదిగో, ఇక్కడ పడిపోయింది, దొరికింది" అని చెబితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తోంది.

అప్పుడే ఆ గొంతు పలికింది. సాయంత్రం మందు వేళయింది. పొద్దున నోరు నొక్కిన ఫోనుకు సాయంత్రం నొక్కడం మరిచిపోయింది.

"నమస్కారం బు వార్తిని. ఈ వారం మీ ఊపిరి చాలా బాగుంది. మీ నీలం గొట్టంలో ఇంకా ముప్పై గుక్కల మందు ఉంది. అవసరమైనప్పుడు వాడుకోవడం మరిచిపోకండి."

అందరూ వార్తిని జేబు వైపు తిరిగారు. వార్తిని లేచి మూలకు వెళ్లింది. గొట్టం తీసి సార్మి నోట్లో పెట్టి నొక్కింది. మళ్లీ నొక్కింది. రుమియా ఆ గొట్టం తీసుకుని తానే పట్టుకుంది. కాసేపటికి సార్మి భుజాలు కిందికి దిగాయి. పెదాల రంగు మెల్లగా తిరిగొచ్చింది. ఎవరో ఆమె ముఖం తుడిచారు.

ఎవరన్నా తిట్టి ఉంటే వార్తిని బతికిపోయేది. రుమియా లాంటి నోరు కూడా ఏమీ అనలేదు. గొట్టాన్ని గౌను అంచుకు శుభ్రంగా తుడిచింది. ఆ షెడ్డులో ఒక వస్తువును తుడిచి ఇవ్వడం అదే మొదటిసారి. తుడిచి, రెండు చేతులతో వార్తినికి అందించింది, పరాయివాళ్ల వస్తువు తిరిగిచ్చినట్టు.

మర్నాడు గుమ్మం పక్క చోటు ఖాళీగా ఉంది. సార్మి మూలనే కూర్చుంది. వార్తిని కూడా వెళ్లి మధ్యలో చాప వేసుకుంది. సముద్రపు గాలి ఎవరూ లేని చోటికి వచ్చి పోతూ ఉంది, అందరూ దాని వైపు చూడకుండా దుమ్ములో పనిచేసుకున్నారు. టీ గ్లాసు వార్తిని దాకా వచ్చేది, ఆమె దగ్గర ఆగేది కాదు. కబుర్లు సాగేవి, ఆమె మీద జోకులు మాత్రం ఆగిపోయాయి.

రెండు రోజులకు సార్మికి మళ్లీ పట్టేసింది, అంత గట్టిగా కాదు. సార్మి అడగకముందే వార్తిని గొట్టం తీసి ఆమె ఎదురుగా పట్టింది.

"వద్దండి బూదె" అంది సార్మి. ఎన్నడూ లేనిది అండీ అంది. "మీకు తక్కువవుతుంది."

"తక్కువవదే. తీసుకో."

"గొంతులో పొడి పడిందంతే."

పిల్లికూతతోనే కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. వార్తిని చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. తన చెయ్యి అలా గాల్లో మిగిలిపోవడం ఆమె బతుకులో లేదు. ఆ మనిషి ఎప్పుడో ఒకరోజు పంతానికి పోయి చచ్చిపోతుందని, ఆ పంతం తాను నేర్పిందేనని ఆమెకు అర్థమైంది.

మర్నాడు పని మాని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. వరండాలో బల్ల మీద కూర్చుంటే ఎదురుగా గోడ మీద తన ఫొటో కనిపించింది. ఇస్తి ఎప్పుడో తీసినది. తలకు గుడ్డ సరిగ్గా చుట్టుకుని, గొట్టం పట్టుకుని నవ్వుతోంది. పక్కన ఒక గీత, కొండెక్కి దిగుతోంది. ఎరుపులోంచి ఆకుపచ్చలోకి. కింద పెద్ద అక్షరాల్లో ఉంది: సరైన మందు, సరైన పరికరం. పక్కన కూర్చున్న ముసలాయన బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూసి, "నువ్వేనా?" అన్నాడు.

"కాదు" అంది వార్తిని.

లోపల ఇస్తికి మొత్తం చెప్పింది. నిలబడే చెప్పింది. గీత ఎక్కినప్పుడు ఆ గుక్కలు షెడ్డువి, దిగింది మందు పనిచేసి కాదు, తాను పిసినారి అయినందుకని చెప్పింది. సార్మి పెదాల సంగతి చెప్పింది. ఇస్తి చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది.

"ఆ గీత జిల్లా మీటింగులో చూపించాను బు. అందరూ మెచ్చుకున్నారు."

"తీసెయ్యండి సుస్తెర్."

"నేనొక్కసారి షెడ్డుకు వచ్చి ఉంటే పోయేది. ఫోన్లో కనిపిస్తూనే ఉంది కదా అని రాలేదు." కాగితాల వైపే చూస్తూ అంది. "మీ టోపీ వెనక్కి తీసుకోవాలి. మీ లెక్కలు ఇక పనికిరావు. మందు మాత్రం ఇస్తూనే ఉంటాను. ఇక వాళ్లను రమ్మనండి. ఒక్కొక్కరి ఉబ్బసం ఒక్కో రకం, ఒకరి గొట్టం అందరికీ సరిపోదు."

"పిలిస్తే రారు. యజమానికి తెలుస్తుందని భయం. నేను పిలిస్తే అసలే రారు."

ఉపాయం వార్తినే చెప్పింది. ప్రతి నెలా పంచాయతీ హాల్లో బీపీ చూస్తారు. బీపీ అంటే ఎవరికీ సిగ్గు లేదు, కొందరు ఎంతుందో గొప్పగా కూడా చెప్పుకుంటారు. ఆ బల్ల పక్కనే ఊదితే ఊపిరి బలం కొలిచే గొట్టం కూడా పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా ఊదిస్తే సరి. ఇస్తి ఒప్పుకుంది.

ఆ రోజు షెడ్డు మొత్తం వచ్చింది. వార్తిని రమ్మందని కాదు, రుమియా లాక్కొచ్చింది. రుమియా ముందు ఊది, ముల్లు పైకి పోతే, "చూశారా, ఇది నోరు కాదు, కొలిమి" అంది. సార్మి ఊదితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలి పడిపోయింది. ఇస్తి ఇంకోసారి ఊదమంది. ఇంకోసారీ అంతే. నవ్వులు ఆగిపోయాయి.

"ఈ వారం రుద్దే పనికి వెళ్లొద్దు" అంది ఇస్తి. గొట్టాన్నీ దాని టోపీనీ తీసి సార్మి ముందు పెట్టింది. అది ఎవరి టోపీయో అందరికీ తెలుసు. "ఇది నీది. ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ తీసుకోకు."

"అలా ఎలా సుస్తెర్?" అంది సార్మి. "అడిగితే?"

"అడిగినవాళ్లను నా దగ్గరికి పంపు."

కూర్చునే బల్ల మీద సార్మి పక్కన ఒక్క చోటే ఖాళీగా ఉంటే, నిలబడలేక వార్తిని వచ్చి అక్కడ కూర్చుంది. సార్మి జరగలేదు, ఇటు తిరగనూ లేదు. ఇస్తి సార్మి ఫోనులో వివరాలు నింపుతోంది. పేరు, వయసు, ఊరు.

"ఆయాసం ఎక్కువైతే ఎవరికి కబురు వెళ్లాలి? దగ్గర్లో ఉండేవాళ్లు కావాలి."

సార్మి భర్త సముద్రం అవతల కాలిమంతాన్‌లో పామాయిల్ తోటలో ఉన్నాడు. పిల్లలు చిన్నవాళ్లు. ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకు ఆమె దగ్గరుండే జవాబు ఏమిటో ముగ్గురికీ తెలుసు. సార్మి ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఎర్రటి చెక్కపొడి.

"రుమియా" అంది.

"నంబరు?"

నంబరు సార్మికి గుర్తులేదు. తన ఫోను ఇస్తి చేతిలో ఉంది. రుమియా హాలు బయట ఎవరికో కొలిమి కథ చెబుతోంది, నవ్వులు వినపడుతున్నాయి.

పనికి రమ్మని అందరికీ ఫోను చేసేది వార్తినే, అందరి నంబర్లూ ఆమెకు నోటికొచ్చు. చెప్పనా అని అడగబోయి, అడగలేదు. నేల వైపు చూస్తూ ఒక్కొక్క అంకే చెప్పింది. ఇస్తి నొక్కుతూ మధ్యలో తడబడింది.

"మళ్లీ చెప్పండి బు."

వార్తిని ఈసారి మెల్లగా, ఒక్కటి కూడా తప్పు పోకుండా, మొదటినుంచీ మళ్లీ చెప్పింది.